ప్రశ్నలు తీసేసిన సినిమా

మెసొలోంగి
4 మే 2005

మిర్తో,

ఫోన్ చెయ్యకుండా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. మీ అక్క నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, అక్కడ పంచిన ఉడికించిన గోధుమల పొట్లం చేతిలో పట్టుకుని, చర్చి మెట్ల మీద పదిమంది ముందు నన్ను అబద్ధాలకోరు అన్నావు. కాగితం మీదైతే ఇద్దరం కాస్త అదుపులో ఉంటాం.

పని సంగతి. మీ అక్క తీసిన టేపులు మొత్తం డెబ్బై ఒకటి. రెండు పెట్టెల్లో సర్ది నిన్నటి ఏథెన్స్ బస్సులో పార్సిల్ వేశాను. బస్టాండులో నీ పేరు చెప్పి తీసుకో. ప్రతి టేపు మీదా నంబరు, తేదీ, ఎవరితో మాట్లాడిందీ ఎవాంథియా చేతిరాతలోనే ఉన్నాయి. నేను ఒక్కటీ చూడలేదు. చూడలేను. నువ్వు ఎడిటింగ్ గదిలో పనిచేసేదానివి, నీకు అలవాటు.

ఆమె తీస్తున్న సినిమాకి ఒక్క ఘట్టం మిగిలింది. ఆగస్టు చివర కొయ్యింగ చేపలు కడుపునిండా గుడ్లతో ఉప్పుసరస్సు వదిలి సముద్రంలోకి పోతూ ముసలి జాలరి లూకాస్ చేపల కంచెలో పడతాయి. ఆ గుడ్ల సంచుల్ని, అంటే జనని, తీసి, ఉప్పు పట్టించి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచడం. మూడేళ్లు లూకాస్ వెంట తిరిగి అతని పడవనీ, వలల్నీ, బూతుల్నీ తీసింది గాని ఇది మాత్రం ఏటా తప్పిపోయింది. మొదటి ఏడు వాన. రెండో ఏడు లూకాస్ కాలు విరిగింది. మూడో ఏడు ఆసుపత్రి.

అది నేను తీస్తాను. ఆమె కెమెరాలోకి ఉప్పుగాలి దూరి పాడైంది. బాగుచేసేవాడు తెరిచి చూసి, మూసి తిరిగిచ్చేశాడు. కొత్తది ఏది కొనాలో ఒక్క వాక్యంలో రాయి.

ఫోతిస్


ఏథెన్స్
12 మే 2005

బావా,

పెట్టెలు అందాయి.

ఒక్క వాక్యం కావాలన్నావు కదా: అక్క వాడినదే ఇంకొకటి కొను. ఆ మోడల్ ఇప్పుడు కొత్తది దొరక్కపోతే ఎవరైనా వాడి అమ్మేది తీసుకో. ఇక మిగతాది నువ్వు చదవకపోయినా రాస్తాను.

కెమెరా ఒక్కటే మంచిదైతే చాలదు, పక్కనున్న బొమ్మతో కలవాలి. డెబ్బై గంటలు ఒక కంటితో చూసినవాళ్లకి చివర్లో ఇంకో కన్ను పెడితే తెలిసిపోతుంది. రంగు మారుతుంది, చర్మం మారుతుంది, నీళ్ల మెరుపు మారుతుంది. కాబట్టి లోపల మూడు సెన్సర్లు ఉన్నది, అదే రకం టేపు మీద రాసేది, ఫోకస్ చేత్తో తిప్పుకునేది, బయటి మైకు తగిలించుకోవడానికి చోటున్నది, శబ్దం ఎక్కువ తక్కువలు నీ చేత్తో సర్దుకునేది. ఈ అయిదూ చూడు. పెట్టె మీద అంకెలు చూడకు. నువ్వు అంకెల మనిషివి, అందుకే ముందే చెబుతున్నాను. ముప్పయ్యేళ్లు ఉప్పు కర్మాగారంలో గాజుగొట్టాలు చూసి సంతకాలు పెట్టిన చెయ్యి, దుకాణంలో పెద్ద అంకె కనబడితే ఆగదు.

"నీకు అలవాటు" అని రాశావు. నాకు సబ్బుల ప్రకటనలు కత్తిరించడం అలవాటు బావా. మా అక్క గొంతు చెవుల్లో పెట్టుకుని రోజుకి ఎనిమిది గంటలు కూర్చోవడం ఎవరికి అలవాటు?

ఇంకొకటి. అక్టోబరులో నేను ఫోన్ చేస్తే "పేగులో పుండు, తగ్గిపోతుంది" అన్నావు. క్రిస్మస్‌కి వస్తానంటే "చలిలో ఎందుకు, ఈస్టర్‌కి రా" అన్నావు. ఈస్టర్ వెళ్లి పదకొండు రోజులైంది. నేను వచ్చి ఎవరిని చూడాలి?

మిర్తో


మెసొలోంగి
23 మే 2005

మిర్తో,

కెమెరా కొన్నాను. నువ్వు చెప్పినది కాదు.

అగ్రీనియోలో దుకాణం వాడు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. పాత రకం బొమ్మలో 576 గీతలు. కొత్త రకంలో 1080. ఇంకో రెండేళ్లలో పాతవి తయారే కావట. అన్ని టీవీలూ వెడల్పవుతాయట. ఆమె సినిమా ముగింపుకి తక్కువ రకం పెట్టడానికి నాకు మనసు రాలేదు. నువ్వు చెప్పిన అయిదూ ఇందులో ఉన్నాయి.

రేవు దగ్గర పరీక్షగా అరగంట తీశాను. టేపు ఇందులో పెడుతున్నాను.

పుండు సంగతి. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఆవిడకి తెలిస్తే ఆరు నెలలు మూడవుతాయి" అన్నాడు. ఆ జబ్బు పేరు మన ఇళ్లల్లో ఎవరు పైకంటారు? మీ నాన్నకి వచ్చినప్పుడు మీ అమ్మ ఆయనకి చెప్పిందా? అప్పుడు నువ్వూ దాచావు. నీకు చెబితే ఎవాంథియాకి చెప్పినట్టే. నీ మొహం గాజు. గదిలోకి అడుగు పెట్టగానే ఆమె చదివేసేది.

మందు ఎక్కించిన ప్రతిసారీ విటమిన్లు అని చెప్పాను. నమ్మింది. చివరిదాకా నమ్మింది. నేను చేయగలిగింది అదొక్కటే. అది సరిగ్గా చేశాను. దానికి నీ దగ్గర సంజాయిషీ చెప్పుకోను.

ఫోతిస్


ఏథెన్స్
2 జూన్ 2005

బావా,

నీ టేపు మా యంత్రంలో పెట్టాను. నీలం తెర. ఇంకోసారి పెట్టాను. నీలం తెర. అరగంట రేవు తీశావు, అందులో ఒక్క పడవ తాడు కూడా ఇక్కడ కనబడదు. కొత్త రకం రాత మా యంత్రాలకి చదవడం రాదు. మా ఎడిటింగ్ కంప్యూటర్‌కి ఎలాగో ఎక్కించినా అది ముసలి గాడిదలా మూలుగుతుంది, ఒక్కో కోతకి ఒక్కో కాఫీ తాగి రావచ్చు.

పైగా అక్క బొమ్మలన్నీ నలుచదరానికి దగ్గరగా ఉంటాయి. నీది బల్లలా పొడుగ్గా ఉంటుంది. రెండూ ఒకే సినిమాలో ఎలా పెట్టమంటావు? అక్క తీసినదాని పైనా కిందా కోసెయ్యనా? లూకాస్ టోపీ, గడ్డం పోతాయి.

ఇంకో సంగతి దుకాణం వాడు చెప్పి ఉండడు. గీతలు ఎక్కువైన కెమెరా చీకట్లో తక్కువ చూస్తుంది. జన కోసే గుడిసెలో కిటికీ ఎంత ఉంటుందో నువ్వే చెప్పు. అక్క కెమెరా అక్కడ లూకాస్ గోళ్లలో పొలుసు కూడా చూసింది.

సరే, కొనేశావు. మెనూలో వెతుకు, పాత పద్ధతిలో రాసే ఏర్పాటు కూడా ఉంటుంది. అది పెట్టి, బొమ్మ ఆకారం కూడా పాతదానికి మార్చు. మార్చి, ఇంకో పరీక్ష టేపు పంపు.

దీనితో పాటు ఒక డీవీడీ పంపుతున్నాను. నలభై నిమిషాల తొలి కూర్పు. శబ్దం ఇంకా సర్దలేదు, రంగులు సర్దలేదు. వంకలు వెతక్కుండా చూడు.

నాన్న సంగతి ఎత్తావు. ఎత్తకుండా ఉండాల్సింది. నాన్న పోయినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఇప్పుడు నలభై నాలుగు.

మిర్తో


మెసొలోంగి
15 జూన్ 2005

మిర్తో,

ఆదివారం భోజనానికి లూకాస్‌ని పిలిచాను. పాము చేపలు కాల్చాను. తిన్నాక డీవీడీ పెట్టాను. రెండు నిమిషాలు గడిచేసరికి అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆగాగు. ఆ పిల్ల ఏది?"

"ఎవరు?"

"ఎవరేంటయ్యా, నీ పెళ్లాం. నేనిదంతా ఎవరికి చెబుతున్నాను, గోడకా?"

చూస్తూ ఉండమన్నాను. చూశాడు. ఇంకాసేపటికి గ్లాసు కింద పెట్టేశాడు.

"నన్ను పిచ్చోణ్ణి చేశారు కదయ్యా. అదిగో, అక్కడ ఆ పిల్ల నవ్వింది, అందుకని నేను నవ్వాను. ఇప్పుడు చూడు, ఊరికే పళ్లు ఇకిలిస్తున్నాను. నాలో నేను మాట్లాడుకునే ముసలాడిలా ఉన్నాను. నా మనవలు చూస్తే ఏమనుకుంటారు?"

నలభై నిమిషాల్లో ఎవాంథియా గొంతు ఒక్కసారి కూడా లేదు. ఒక్క ప్రశ్న లేదు. లూకాస్ ప్రతి జవాబు ముందూ నువ్వు కత్తి పెట్టావు. కొన్నిచోట్ల ఆమె మాట మొదలవుతున్న ఊపిరి కూడా వినబడుతుంది, అక్కడ తెగుతుంది.

డెబ్బై ఒక్క టేపుల్లో ఆమె మొహం ఎక్కడా ఉండదు. కెమెరా వెనక ఉన్నది ఆమే. అందులో ఆమె అంటూ ఉంటే అది గొంతే. దాన్ని తీసేశావు. ఏ హక్కుతో?

ప్రశ్నలన్నీ తిరిగి పెట్టు. పెట్టకపోతే టేపులు పంపించు.

ఫోతిస్


ఏథెన్స్
24 జూన్ 2005

బావా,

అడిగేవాళ్ల గొంతు తీసెయ్యడం ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం. చూసేవాళ్లకి లూకాస్ కావాలి. వెనకనుంచి "ఊఁ", "అవునా", "మళ్లీ చెప్పండి, విమానం వెళ్లింది" అనే మనిషి అక్కర్లేదు. దేశంలో ఏ ఎడిటర్‌నైనా అడుగు.

అదీగాక ఇది నా నిర్ణయం కాదు. అక్కే చెప్పింది. "నా గొంతు తీసెయ్యి మిర్తో, బాతు అరిచినట్టుంది" అంది. తన మాట ప్రకారమే చేశాను.

టేపులు పంపను. అసలు టేపులు బస్సులో తిప్పితే, ఎండలో డిక్కీలో పడేస్తే ఏమవుతాయో నీకు తెలియదు. ఒకసారి వచ్చాయి, చాలు.

ఇన్ని మాటలన్నావు, నేను నెలన్నర ఎలా కూర్చున్నానో ఒక్క ముక్క అడగలేదు. పాపం, లూకాస్ పళ్లు ఇకిలించాడని మాత్రం బాధపడ్డావు.

మిర్తో


మెసొలోంగి
6 జూలై 2005

మిర్తో,

ఆమె నోటు పుస్తకాలు నాలుగూ చదివాను. మైకు గురించి ఉంది, వెలుతురు గురించి ఉంది, నువ్వు నేర్పిన కోతల గురించి ఉంది. గొంతు తీసెయ్యమని ఎక్కడా లేదు. "బాతు" అన్న మాట ఎక్కడా లేదు.

నేనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ కొన్నాను. దుకాణంలో మూడు చూపించారు. ఒకటి కంప్యూటర్‌తో ఊరికే వచ్చేది, దానిలో రెండు శబ్దాలు ఒకేసారి పెట్టడం రాదు. ఒకటి మీలాంటివాళ్లది, దాని పుస్తకమే నా చేతికి బరువు. మధ్యదాన్ని తెచ్చాను. రోజుకి అయిదు గంటల చొప్పున తొమ్మిది రోజులు నేర్చుకున్నాను. గంట టేపుకి పదమూడు గిగాబైట్లు పడుతుంది. డెబ్బై ఒక్క టేపులకి తొమ్మిది వందల ఇరవై మూడు. అయిదు డిస్కులు కావాలి. తెప్పిస్తాను.

నీ డీవీడీని విప్పి చూశాను. దానిలో పెట్టడానికి ఈ ఇంట్లో ఉన్న ఆమె గొంతు ఆరు సెకన్లు. ఫోన్ యంత్రంలో. "మేము ఇంట్లో లేము, పేరూ నంబరూ చెప్పండి." లూకాస్ వల గురించి చెప్పే జవాబుకి ముందు అది పెట్టి చూశాను. ఎలా ఉందో చెప్పను.

నాకొకటే అర్థమవుతోంది. నీకు ఆమె మాట నామోషీ. మెసొలోంగి యాస. ఏథెన్స్‌లో మీ స్నేహితుల ముందు మీ అక్క చేపలమ్మిలా మాట్లాడితే తలవంపులు. ఊరు వదిలిన రోజునుంచీ నువ్వు నీ యాసని కత్తిరించుకున్నావు. ఇప్పుడు ఆమెది కూడా.

శుక్రవారం పదిహేనో తారీఖు ఉదయం బస్సుకి వస్తున్నాను. పెట్టెలు సర్ది ఉంచు.

ఫోతిస్


ఏథెన్స్
11 జూలై 2005

బావా,

రాకు. ముందు ఈ ఉత్తరంతో వచ్చిన టేపు చూడు. అరవై ఆరో టేపు, జనవరి తొమ్మిది. నకలు తీసి పంపుతున్నాను. నీ కొత్త కెమెరాలోనే ఆడుతుంది. పదిహేడో నిమిషం నుంచి. ఒక్కడివే చూడు. లూకాస్‌ని పిలవకు.

యాస అన్నావు. ఆ మాట చదివి నీ ఉత్తరం చింపేశాను, మళ్లీ అతికించాను. నేను ఆ యాస వినడానికే పెద్ద పెద్ద జవాబుల్ని దాటించేసి, ప్రశ్నల్ని పూర్తిగా విన్నాను బావా. ఒక్కోటి నాలుగేసి సార్లు. అవన్నీ విడిగా వరసగా పేర్చి దాచుకున్నాను కూడా. రెండు గంటల పది నిమిషాలు ఉంది. ఎవరికీ చూపించలేదు.

బాతు మాట నిజమే, కానీ అది ఒక్క టేపు గురించి. రెండేళ్ల క్రితం జలుబు చేసినప్పుడు నవ్వుతూ అంది. మిగతాది నేను అబద్ధమాడాను.

ఎందుకంటే, గొంతు ఉంచితే మొత్తం ఉంచాలి. నువ్వు అన్ని టేపులూ అడుగుతావు, వరసగా వింటావు, లెక్కలు రాసుకుంటావు. పదిహేడో నిమిషం దగ్గరికి వస్తావు. గొంతు పూర్తిగా తీసేస్తే, పద్ధతి అని చెప్పి నోరు మూయించొచ్చు అనుకున్నాను. నువ్వు అక్కకి విటమిన్లు అని చెప్పినట్టే. నేనూ ఆ ఇంటి మనిషినే కదా, ఇంకేం నేర్చుకుంటాను?

నీకు తెలియకూడదనుకున్నాను. దాచాను. ఇప్పుడు విసుగొచ్చింది. నువ్వు నన్ను తిట్టిన తిట్లకి కాదు, మన అందరి మీదా విసుగొచ్చింది.

ఇంకొక్క మాట. ఆ సంగతి అక్క నాకూ చెప్పలేదు. చేపలు పట్టే లూకాస్‌కి చెప్పింది. నాకు చెప్పలేదు. అది నీ ఒక్కడి దెబ్బ అనుకోకు.

మిర్తో


మెసొలోంగి
20 జూలై 2005

మిర్తో,

చూశాను.

లూకాస్ వల బాగుచేస్తున్నాడు. వలే కనబడుతుంది, చేతులు, సూది. ఆమె అంటుంది, "సెప్టెంబరుకి నేనుండను లూకాస్ గారూ. జన తీసేటప్పుడు ఎవరైనా కెమెరా పట్టుకుని వస్తే కసురుకోకండి." అతను సూది ఆపుతాడు. "ఎక్కడికి పోతావమ్మా?" "మీకు తెలుసు." సూది మళ్లీ కదులుతుంది. తర్వాత ఆమె, "ఫోతిస్‌కి నాకు తెలుసని చెప్పకండి. నాకు తెలియదనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వండి. పాపం, ఆయన చేతుల్లో ఇంకేం పని మిగిలిందని?" అతను, "ఆ కొస పట్టుకో" అంటాడు. కెమెరా ఊగుతుంది. కొస పట్టుకుంది కాబోలు.

అయిదు నెలలు. ప్రతి సోమవారం. "ఇంకెన్ని విటమిన్లు ఉన్నాయి ఫోతిస్?" అని అడిగేది. నేను లెక్క చెప్పేవాణ్ణి. "ఈసారి రంగు వచ్చింది నీకు" అనేవాణ్ణి. "అవును, నాకూ అనిపిస్తోంది" అనేది. కళ్లలోకి చూసి అనేది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నాకు ఒక్క అబద్ధం చెప్పి ఎరగదు అనుకున్నాను.

నాకు ఆమె మీద కోపంగా ఉంది. ఇది ఇంకెవరికీ చెప్పలేదు. చనిపోయిన మనిషి మీద కోపం ఎటు పంపాలో తెలియదు, నీకు పంపుతున్నాను. నేనేదో మోస్తున్నానని ఆమె నాకు దారిచ్చి పక్కకు నిలబడింది. నేను దాన్ని నా గొప్ప అనుకున్నాను. నీకు రాశాను కూడా, సరిగ్గా చేశానని. ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి.

ఒకరికొకరం చెప్పుకుని ఉంటే ఆ అయిదు నెలలూ ఏం మాట్లాడుకునేవాళ్లమో ఇప్పుడు ఎలా తెలుస్తుంది?

నేను రాసేదాకా రాయకు. ఏథెన్స్ రావడం లేదు.

ఫోతిస్


ఏథెన్స్
22 ఆగస్టు 2005

బావా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నిన్న ఆరు నెలల ప్రార్థనలో నీ పక్కనే గంటసేపు నిలబడ్డాను. కొవ్వొత్తి అందించావు, గోధుమల పొట్లం అందించావు, మాట అందించలేదు. బస్సెక్కి వచ్చేశాను.

ఆ జన ఘట్టం నువ్వు తీస్తావో తియ్యవో నాకు తెలియదు. రేవులో లూకాస్‌ని చూశాను. నిన్నడిగితే "మీ బావ జూలైనుంచి నన్ను చూస్తే రోడ్డు అవతలికి పోతున్నాడు, నాకేదో అప్పు ఉన్నట్టు" అన్నాడు. ఉత్తరపు గాలి మొదలైతే చేపలు కదులుతాయట. పది రోజులు, ఎక్కువైతే పదిహేను.

తీసేట్టయితే ఇవి గుర్తుంచుకో. గుడిసెలోకి వెళ్లగానే తెల్ల కాగితం చూపించి రంగు సర్దు, బయట సర్దింది లోపల పనికిరాదు. శబ్దం చేత్తో పెట్టు, యంత్రానికి వదిలితే నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా గాలి హోరు పెంచేస్తుంది. జూమ్ తిప్పకు, దగ్గరగా కావాలంటే నువ్వే నడిచి వెళ్లు. ఒక పని మొదలైతే అయ్యేదాకా ఆపకు, కోసుకోవడానికి నేనున్నాను. కెమెరాకి పాలిథీన్ సంచి కట్టు. ఉప్పు చేత్తో అద్దం తుడవకు.

నీ రెండో పరీక్ష టేపు బాగుంది. అదీ చెప్పాలని. బొమ్మ అక్కదానితో కలిసింది. కెమెరా మాత్రం ఊగుతోంది, మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకో.

ప్రశ్నలన్నీ తిరిగి పెట్టాను. అరవై ఆరు పెట్టలేదు. అది నీది. పెట్టమంటే పెడతాను, వద్దంటే నేను చూడలేదనుకుంటాను. ఈసారి ఎవరికోసం ఎవరూ నిర్ణయించొద్దు. అడుగుతున్నాను, చెప్పు.

నీ మరదలు
మిర్తో


మెసొలోంగి
11 సెప్టెంబరు 2005

మిర్తో,

నాలుగు టేపులు ఈ రోజు బస్సులో వేశాను. 1 నుంచి 4. పాత పద్ధతిలోనే తీశాను.

మూడో తారీఖు శనివారం గాలి తిరిగింది. కంచె దగ్గర నీళ్లు ఉడుకుతున్నట్టు అయిపోయాయి. అది మొదటి టేపు. రెండులో కోత. లూకాస్ చేప కడుపు మీద కత్తి ఎంత తేలిగ్గా నడిపిస్తాడో చూడు, లోపలి జంట సంచులు ఒక్కటీ చిట్లలేదు. మూడులో ఉప్పు, పలకల మీద ఆరబెట్టడం. ఈ మూడింట్లో మేమిద్దరం మాట్లాడుకోలేదు. అతను నన్ను కసురుకోలేదు కూడా. ఆమె అడిగింది కదా.

నాలుగో టేపు నిన్నటిది. మైనం. గుడిసెలో పొయ్యి మీద తేనెమైనం కరుగుతోంది. ఇరవై రెండో నిమిషంలో నేను అడిగాను, కెమెరా వెనకనుంచి. జాగ్రత్తగా విను. అక్కడ పొయ్యి శబ్దం ఉంది.

"ఆమెకి తెలుసని నీకు జనవరిలోనే తెలుసు. రోజూ నన్ను చూశావు. ఎందుకు చెప్పలేదు?"

లూకాస్ తలెత్తలేదు. "అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా ఉప్పు డాక్టరూ?"

"చెప్పు."

"నవంబర్లో పడవ దగ్గరికొచ్చి నాతో ఏమన్నావు?"

"ఆమెని పడవ ఎక్కించొద్దన్నాను."

"ఇంకా?"

"జబ్బు సంగతి చెప్పాను. ఆమెకి తెలియదు, చెప్పొద్దన్నాను."

"ఆఁ. మరి రెండు నెలలకి ఆవిడొచ్చి, తెలుసు, నీకు చెప్పొద్దంది. నేనేం చెయ్యాలి? మీరిద్దరూ చదువుకున్నోళ్లు. ఒక మంచం మీద పడుకునేవాళ్లు. నేను మూడో తరగతి. ఆవిడ మాట నీకు చెబితే ఆవిడకి ద్రోహం, నీ మాట ఆవిడకి చెబితే నీకు ద్రోహం. నోరు మూసుకుని వల కుట్టుకున్నాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. చలికాలమంతా నోట్లో పెట్టింది ఉప్పో చప్పో తెలియలేదు నాకు. ఒక్కడైనా, ఒక్కరైనా, ముసలోడా నువ్వెలా ఉన్నావని అడిగారా? ఆవిడ పోయింది, సరే. నువ్వు రోడ్డు అవతలికి పోయావు. మీ మాట నిలబెట్టినందుకు నాకు మీరిచ్చింది అది."

అతను గరిటె నా వైపు చాచాడు.

"ఇప్పుడా పెట్టె కిందపెట్టి ఈ గరిటె పట్టు. మైనం మీగడ కడుతోంది. నువ్వు ఏడ్చినా ఏడవకపోయినా ఇది ఆగదు."

కెమెరా బల్ల మీద పెట్టాను. ఆపలేదు, ఆపాలని తోచలేదు. గరిటె పట్టాను. అతను ముంచాడు, నేను తిప్పాను, దారం మీద వేలాడదీశాం. ముప్పై ఒక్క జంటలు.

ఆమె ప్రశ్నలన్నీ ఉంచు. అరవై ఆరో టేపు పెట్టు, పదిహేడో నిమిషంనుంచి కొస పట్టుకునేదాకా. దాని తర్వాత నా ప్రశ్న పెట్టు. నా గొంతు బాగుండదు, అయినా పెట్టు. లూకాస్ మాట ఒక్కటీ కొయ్యొద్దు. అతన్ని అడిగాను, పెట్టమన్నాడు. "ఈసారి నాతో నవ్వేవాళ్లు వినబడాలి" అన్నాడు.

కెమెరా బల్ల మీద పెట్టాక పదకొండు నిమిషాలు ఉంటాయి. చెక్క గోడ తప్ప ఏమీ కనబడదు. వినబడేది నేను. ఏడిస్తే అలా ఉంటానని నాకు తెలియదు. నువ్వు ఎలాగూ వింటావు. ఎక్కడ కత్తిరించాలో, అసలు కత్తిరించాలో లేదో నీకు తెలుసు. నేను అడగను.

వచ్చే నెల నీకు ఎప్పుడు వీలవుతుందో రాయి. ఫోన్ చేసినా సరే.

ఫోతిస్ బావ